ఇంప్లాంట్లపై స్థిర పలువరుస

ఇంప్లాంట్లపై స్థిర పలువరుస అనగా ఒక దవడలో గాని, రెండు దవడలలో గాని పళ్ళన్నీ పోయినవారికి, దవడ ఎముకలో టైటానియం స్క్రూలను నాటి, వాటిపై మొత్తం పలువరుసను కదలకుండా బిగించే దంతచికిత్స. ఎముకలో నాటే ఈ స్క్రూలను దంత ఇంప్లాంట్లు అంటారు. మామూలు కట్టుడు పళ్ళ సెట్టును రోజూ తీసి కడిగి తిరిగి పెట్టుకోవచ్చు. స్థిర పలువరుసను మాత్రం రోగి స్వయంగా తీయలేడు. దంతవైద్యుడు స్క్రూలు విప్పి తీయవలసిందే. పోయిన ప్రతి పంటికీ ఒక ఇంప్లాంటు అవసరం లేదు. సాధారణంగా ఒక దవడలో నాలుగు నుండి ఎనిమిది ఇంప్లాంట్లు నాటి, వాటిపై పది నుండి పద్నాలుగు పళ్ళు గల ఒకే వంతెనను నిలుపుతారు.

ఈ చికిత్సకు పునాది స్వీడన్ దేశంలో పడింది. టైటానియం లోహాన్ని ఎముక తనలో కలుపుకొంటుందని పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1952లో గమనించి, 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు నాటాడు. ఈ చికిత్స పళ్ళకు సంబంధించినదిగా కనిపించినా నిజానికి ఇది ఎముకకు సంబంధించినది. ఎముక తగినంత ఉంటేనే దీనిని చేయగలరు, ఎముక లోహాన్ని పట్టుకుంటేనే ఇది నిలుస్తుంది, చుట్టూ ఉన్న ఎముక ఆరోగ్యంగా ఉన్నంత కాలమే పనిచేస్తుంది.

పళ్ళు పోయిన తరువాత దవడ

పళ్ళు పూర్తిగా పోవడానికి ముఖ్య కారణాలు పిప్పిపళ్ళు, చిగుళ్ళ వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో 20 ఏళ్ళు, ఆపైబడినవారిలో దాదాపు 7 శాతం మందికి, 60 ఏళ్ళు, ఆపైబడినవారిలో సుమారు 23 శాతం మందికి నోట్లో ఒక్క పన్ను కూడా లేదు.

పంటి వేరును పట్టి ఉంచే దవడ గట్టు పంటికోసమే ఏర్పడిన ఎముక. పన్ను పోగానే దానికి పని లేకుండా పోతుంది. అప్పటినుండి అది క్రమంగా కరిగి కుంచించుకుపోతుంది. ఈ నష్టం మొదటి సంవత్సరంలో వేగంగాను, ఆ తరువాత నెమ్మదిగాను జరుగుతుంది గాని, జీవితాంతం ఆగదు. కట్టుడు పళ్ళు వాడేవారిని 25 సంవత్సరాలపాటు పరిశీలించి ఆంట్యే టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన అధ్యయనంలో, క్రింది దవడ గట్టు పై దవడ గట్టు కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా తరిగిపోయినట్లు తేలింది. క్రింది సెట్టు ఎప్పుడూ వదులుగా ఉందని పెద్దవారు ఫిర్యాదు చేయడానికి ఇదే ముఖ్య కారణం. పై సెట్టుకు అంగిలి ఆధారంగా ఉంటుంది. క్రింది సెట్టుకు సన్నని గట్టు తప్ప వేరే ఆధారం లేదు. పైగా నాలుక దానిని కదిలిస్తూ ఉంటుంది.

గట్టు తరిగిన కొద్దీ ముఖం క్రింది భాగం పొట్టిదవుతుంది, పెదవులు లోపలికి పోతాయి, గడ్డం ముక్కుకు దగ్గరవుతుంది. క్రింది దవడలో మరీ ఎక్కువగా తరిగితే పెదవికి స్పర్శనిచ్చే నాడి చిగురు పైభాగానికి దగ్గరై, సెట్టు నొక్కినప్పుడల్లా నొప్పి పుడుతుంది. పళ్ళు పోయినవారు జంతికలు, వేరుశనగలు, పచ్చి కూరముక్కలు, గట్టి పండ్లు మానేసి మెత్తని అన్నానికి పరిమితమవుతారు. నలుగురిలో తినడానికి సంకోచించేవారు కూడా ఉంటారు.

పళ్ళకు, మాటకు ఉన్న సంబంధం మన వ్యాకరణంలోనే కనిపిస్తుంది. త, థ, ద, ధ, న, ల, స అనే అక్షరాలను దంత్యములు అంటారు. వాటిని పలికేటప్పుడు నాలుక కొన పై పళ్ళను గాని వాటి మొదళ్ళను గాని సమీపిస్తుంది. వ-కారము దంత్యోష్ఠ్యము, అనగా పై పళ్ళు, క్రింది పెదవి కలిసి పలికేది. ముందు పళ్ళు లేనివారి మాటలో చెదిరేవి ఇటువంటి ధ్వనులే. కొత్త పలువరుసలో ముందు పళ్ళు సరైన చోట ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి దంతవైద్యులు స, వ, ఫ ధ్వనులు గల మాటలను రోగిచేత పలికించి చూస్తారు.

చరిత్ర

తొలి ప్రయత్నాలు

పోయిన పంటి స్థానంలో వేరొక వస్తువును నాటాలనే ఆలోచన చాలా పాతది. 1931లో మధ్య అమెరికాలోని హోండూరస్‌లో దొరికిన ఒక మాయా నాగరికతకు చెందిన దవడ ముక్కలో, క్రింది ముందు పళ్ళ స్థానంలో పంటి ఆకారంలో చెక్కిన మూడు ఆల్చిప్ప ముక్కలు కనిపించాయి. ఇది సుమారు క్రీ.శ. 600 నాటిది. 1970లో అమాడియో బోబియో దీనికి ఎక్స్-రే తీసి పరిశీలించగా, ఆ ముక్కల చుట్టూ ఎముక పెరిగినట్లు తెలిసింది. అంటే వాటిని మరణానంతర అలంకారంగా కాక, మనిషి బ్రతికి ఉండగానే అమర్చారన్నమాట.

ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికా దంతవైద్యుడు గ్రీన్‌ఫీల్డ్ 1913లో ఇరిడియం-ప్లాటినం తీగలతో అల్లిన బుట్టవంటి ఇంప్లాంటును వర్ణించాడు. 1930లలో స్ట్రాక్ సోదరులు వైటాలియం అనే మిశ్రమలోహంతో చేసిన స్క్రూలను వాడారు. 1940లలో స్వీడన్‌కు చెందిన గుస్తావ్ డాల్ ఎముకలోకి కాక, ఎముకపైన చిగురు క్రింద కూర్చొనే లోహపు చట్రాన్ని ప్రయోగించాడు. 1960లలో లెనార్డ్ లింకో బ్లేడు ఆకారపు ఇంప్లాంట్లను ప్రచారంలోకి తెచ్చాడు. వీటిలో కొన్ని చాలాకాలం నిలిచినా, ఎన్నింటి చుట్టూనో మెత్తని పీచు కణజాలం ఏర్పడి, అవి వదులై, చీముపట్టి ఊడిపోయేవి. దానివల్ల ఇంప్లాంట్లంటే వైద్యవర్గాలలో అపనమ్మకం స్థిరపడింది.

బ్రోనెమార్క్ పరిశోధన

పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ (1929-2014) దంతవైద్యుడు కాడు. శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు. 1952లో ఆయన లుండ్ విశ్వవిద్యాలయంలో ఎముకలోని రక్తప్రసరణను అధ్యయనం చేస్తున్నాడు. అందుకోసం టైటానియంతో చేసిన ఒక సూక్ష్మ పరికరాన్ని కుందేలు కాలి ఎముకలో అమర్చి, దాని గుండా లోపలి రక్తనాళాలను చూసేవాడు. ప్రయోగం పూర్తయ్యాక ఖరీదైన ఆ పరికరాన్ని మరల వాడుకుందామని తీయబోతే అది రాలేదు. ఎముక దానిని గట్టిగా పట్టేసింది. మరొకరైతే దీనిని ఒక చికాకుగా భావించి వదిలివేసేవారేమో గాని, బ్రోనెమార్క్ దానినే తన జీవితకాల పరిశోధనగా చేసుకున్నాడు. లాటిన్ భాషలో ఎముకను సూచించే 'ఓస్' అనే పదాన్ని ఆధారం చేసుకొని ఈ ప్రక్రియకు ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టాడు.

మొదటి రోగి

1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే వ్యక్తి క్రింది దవడలో బ్రోనెమార్క్ నాలుగు టైటానియం ఇంప్లాంట్లు నాటాడు. లార్సన్‌కు పుట్టుకతోనే అంగిలి చీలిక, దవడ వైకల్యం ఉన్నాయి. క్రింది దవడలో పళ్ళు లేవు. కనుక ఈ చికిత్స తొలి ప్రయోజనం అందం కాదు, తినడం, మాట్లాడడం. లార్సన్ 2006లో మరణించాడు. అంతవరకు, అనగా నలభై సంవత్సరాలకు పైగా, ఆ ఇంప్లాంట్లు ఆయనకు ఉపయోగపడ్డాయి.

గుర్తింపు

1977లో బ్రోనెమార్క్ బృందం పూర్తిగా పళ్ళు లేని దవడలపై తమ పదేళ్ళ అనుభవాన్ని, 1981లో పదిహేనేళ్ళ అనుభవాన్ని ప్రచురించింది. 1982లో కెనడాలోని టొరంటో నగరంలో జార్జ్ జార్బ్ ఏర్పాటు చేసిన సదస్సు తరువాత ఉత్తర అమెరికా దంతవైద్య కళాశాలలు ఈ పద్ధతిని అంగీకరించసాగాయి. ఇదే కాలంలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఆండ్రే ష్రోడర్ స్వతంత్రంగా ఇటువంటి ఫలితాలనే సాధించాడు. బ్రోనెమార్క్ ఇంప్లాంట్ల తయారీని చేపట్టినది బోఫోర్స్ సంస్థ. భారతీయులకు ఫిరంగుల వ్యవహారం ద్వారా పరిచయమైన బోఫోర్స్ ఇదే. దాని అనుబంధ సంస్థ నోబెల్‌ఫార్మా తరువాతి కాలంలో నోబెల్ బయోకేర్‌గా మారింది.

భాగాలు

స్థిర పలువరుసలో మూడు ముఖ్య భాగాలు ఉంటాయి.

* ఇంప్లాంటు: ఎముకలో ఉండే స్క్రూ. సాధారణంగా 3.5 నుండి 5 మి.మీ. వ్యాసం, 8 నుండి 15 మి.మీ. పొడవు ఉంటుంది. టైటానియంతో గాని, దాని మిశ్రమలోహంతో గాని చేస్తారు.
* అబట్‌మెంటు: ఇంప్లాంటుకు, పలువరుసకు నడుమ చిగురు గుండా పైకి వచ్చే మెడవంటి భాగం. ఇంప్లాంటు వాలుగా ఉంటే ఆ వాలును సరిచేసే అబట్‌మెంటును వాడతారు.
* వంతెన: పళ్ళన్నీ కలిసి ఉండే పై భాగం. లోహపు కమ్మీపై అక్రిలిక్ పళ్ళు అమర్చినవి, లోహంపై పింగాణీ పూసినవి, జిర్కోనియాతో చెక్కినవి అని ఇవి పలురకాలు. తరిగిపోయిన గట్టును కప్పడానికి చాలా వంతెనలలో గులాబిరంగు కృత్రిమ చిగురు కూడా ఉంటుంది.

ఎముక లోహాన్ని పట్టుకొనే విధానం

టైటానియం గాలి సోకగానే దాని ఉపరితలంపై అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. శరీరం ఈ పొరను శత్రువుగా భావించదు. ఎముక కణాలు నేరుగా దానిపై చేరి కొత్త ఎముకను నిర్మిస్తాయి. మామూలు సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు సజీవమైన ఎముకకు, లోహానికి నడుమ వేరే కణజాలం కనిపించకపోవడమే ఆసియోఇంటిగ్రేషన్ లక్షణం.

ఇది ఒక్కరోజులో జరిగే పని కాదు. నాటిన రోజున ఇంప్లాంటును పట్టి ఉంచేది మరచుట్ల బిగువు మాత్రమే. గోడలో దిగిన స్క్రూ వంటిదే అది. తరువాతి వారాలలో శరీరం స్క్రూ చుట్టూ నలిగిన పాత ఎముకను తొలగిస్తుంది; కొత్త ఎముక ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. అందువలన సుమారు రెండవ వారం నుండి నాల్గవ వారం వరకు పట్టు మొదటిరోజు కంటే తగ్గుతుంది. నొప్పి, వాపు తగ్గి రోగికి అంతా బాగున్నట్లు అనిపించే సమయం కూడా సరిగ్గా ఇదే. ఈ దశలో ఇంప్లాంటు సుమారు 0.1 మి.మీ.కు మించి కదులుతూ ఉంటే, ఎముకకు బదులు పీచు కణజాలం ఏర్పడే ప్రమాదం ఉంది. మెత్తని ఆహారం తినవలసిందని వైద్యులు పట్టుబట్టడానికి కారణం ఇదే.

సహజమైన పన్నుకు, ఇంప్లాంటుకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. పంటి వేరుకు, ఎముకకు నడుమ స్పర్శజ్ఞానం గల సన్నని తంతువుల పొర ఉంటుంది. అన్నంలో చిన్న రాయి తగలగానే మనం నమలడం ఆపగలగడం ఈ పొర వల్లనే. ఇంప్లాంటు చుట్టూ ఈ పొర లేదు. ఎముక ద్వారా కొంత స్పర్శ తెలిసినా అది సహజదంతానికి సాటి రాదు. కనుక తెలియకుండానే ఎక్కువ బలంతో కొరికి వంతెనను పగులగొట్టుకొనే అవకాశం ఉంది.

పద్ధతులు

సంప్రదాయ పద్ధతి: బ్రోనెమార్క్ అనుసరించిన విధానంలో ఇంప్లాంట్లను నాటి, చిగురును పైన కుట్టి, క్రింది దవడలో సుమారు మూడు నెలలు, పై దవడలో సుమారు ఆరు నెలలు కదపకుండా ఉంచేవారు. తరువాత మరొక చిన్న శస్త్రచికిత్సతో చిగురును తెరిచి వంతెనను బిగించేవారు. పై దవడ ఎముక గుల్లగా ఉంటుంది కనుక దానికి ఎక్కువ సమయం పట్టేది.

ఆల్-ఆన్-ఫోర్ పద్ధతి: పోర్చుగల్‌లోని లిస్బన్‌కు చెందిన పాలో మాలో బృందం క్రింది దవడకు 2003లోను, పై దవడకు 2005లోను దీనిని ప్రచురించింది. నాలుగు ఇంప్లాంట్లలో ముందున్న రెండింటిని నిటారుగాను, వెనుకనున్న రెండింటిని 45 డిగ్రీల వరకు వాలుగాను నాటుతారు. వాల్చడానికి కారణం ఉంది. క్రింది దవడ వెనుక భాగంలో నాడి, పై దవడ వెనుక భాగంలో గాలితో నిండిన సైనస్ గది అడ్డుపడతాయి. వాలుగా నాటితే వీటిని తప్పించుకొని పొడవైన ఇంప్లాంటును వాడవచ్చు, ఎముకను అతికే శస్త్రచికిత్సను చాలామందికి తప్పించవచ్చు. ఇంప్లాంట్లు తగినంత బిగువుగా దిగితే, సాధారణంగా 35 న్యూటన్-సెంటీమీటర్ల బిగింపు బలం వస్తే, అదే రోజున గాని, ఒకటి రెండు రోజులలో గాని తాత్కాలిక వంతెనను అమరుస్తారు.

జైగోమాటిక్ ఇంప్లాంట్లు: పై దవడ ఎముక దాదాపు కరిగిపోయినవారికి 30 నుండి 50 మి.మీ. పైబడిన పొడవు గల ఇంప్లాంట్లను చెంప ఎముకలో నాటుతారు. ఇది కంటికి, సైనస్‌కు దగ్గరగా జరిగే శస్త్రచికిత్స కనుక ప్రత్యేక అనుభవం గలవారే చేయవలసినది.

ఓవర్‌డెంచర్: ఇది స్థిర పలువరుస కాదు గాని పోల్చి చూడదగినది. రెండు ఇంప్లాంట్లకు బొత్తాముల వంటి పట్లు అమర్చి, వాటిపై తీసి పెట్టుకోదగిన సెట్టును నొక్కి కూర్చోబెడతారు. పళ్ళు లేని క్రింది దవడకు మామూలు సెట్టు కంటే రెండు ఇంప్లాంట్ల ఓవర్‌డెంచర్‌నే మొదటి ఎంపికగా పరిగణించాలని 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు ప్రకటించారు. ఖర్చు తక్కువ, శుభ్రపరచుకోవడం సులభం.

చికిత్సా క్రమం

ముందుగా రోగి ఆరోగ్య చరిత్రను, వాడుతున్న మందులను తెలుసుకొని, నోటిని పరీక్షిస్తారు. సి.బి.సి.టి. అనే త్రిమితీయ స్కాన్ ద్వారా ఎముక ఎత్తు, వెడల్పు, నాడి దారి, సైనస్ హద్దులు కొలుస్తారు. పళ్ళ స్థానాన్ని ముందు నిర్ణయించి, దానికి అనుగుణంగా ఇంప్లాంట్ల స్థానాన్ని నిర్ణయించడం మంచి పద్ధతి. ఎముక దొరికినచోట స్క్రూలు నాటి, తరువాత వాటిపై పళ్ళు ఎలా పెట్టాలా అని ఆలోచించడం తరచు చిక్కులకు దారితీస్తుంది.

శస్త్రచికిత్స సాధారణంగా నోటికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. ఎముక వేడెక్కితే దాని కణాలు చనిపోతాయి కనుక, చల్లని సెలైన్ ద్రవం పోస్తూ తక్కువ వేగంతో రంధ్రం చేస్తారు. కొద్ది రోజులు వాపు, నొప్పి ఉంటాయి. తాత్కాలిక వంతెన అక్రిలిక్‌తో చేసినది. ఎముక గట్టిపడిన తరువాత, మూడు నుండి ఆరు నెలలకు, మరల అచ్చులు తీసి శాశ్వత వంతెనను చేస్తారు. 'ఒక్కరోజులో పళ్ళు' అనే ప్రకటనలలో చెప్పేది ఈ తాత్కాలిక వంతెన గురించేనని గ్రహించాలి. ఆ రోజున పళ్ళు వస్తాయి గాని చికిత్స పూర్తికాదు.

ఎవరికి తగినది

వయసు ఒక్కటే అడ్డంకి కాదు. ఎనభై ఏళ్ళు దాటినవారికి కూడా చేయవచ్చు. అయితే ఎదుగుదల పూర్తికాని పిల్లలకు సాధారణంగా చేయరు. ఈ క్రింది పరిస్థితులలో ప్రత్యేక జాగ్రత్త అవసరం.

* మధుమేహం: అదుపులో ఉంటే అడ్డంకి కాదు. అదుపు తప్పితే గాయం మానడం ఆలస్యమై, చీము పట్టే అవకాశం పెరుగుతుంది.
* పొగ త్రాగడం: చిగుళ్ళకు రక్తప్రసరణ తగ్గి ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. ఉత్తర కోస్తా ఆంధ్రలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట నిప్పును నోటి లోపల ఉంచుకొని త్రాగే అడ్డపొగ అలవాటు ఉంది. దానివల్ల అంగిలిపై క్యాన్సరు రావచ్చునని వైద్యశాస్త్రం గుర్తించింది. ఈ అలవాటు గలవారికి ఇంప్లాంట్ల కంటే ముందు అంగిలి పరీక్ష అవసరం.
* గుట్కా, వక్క: వీటివల్ల నోటి లోపలి పొర బిగుసుకుపోయి నోరు సరిగా తెరుచుకోదు. పరికరాలు పెట్టడానికే చోటు లేని స్థితి ఏర్పడుతుంది.
* ఎముకలపై పనిచేసే మందులు: బోలు ఎముకల వ్యాధికి, క్యాన్సరుకు వాడే అలెండ్రోనేట్, జోలెడ్రోనేట్ వంటి మందులు వాడినవారిలో దవడ ఎముక కుళ్ళే ప్రమాదం ఉంది. ఈ విషయం దంతవైద్యునికి తప్పక చెప్పాలి.
* దవడకు రేడియేషన్ చికిత్స జరిగినవారు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు. రక్తాన్ని పలుచన చేసే మందులను రోగి తనంతట తాను ఆపరాదు.
* నిద్రలో పళ్ళు కొరికే అలవాటు.
* చేతులు వణకడం, చూపు మందగించడం, మతిమరుపు వంటివి. శస్త్రచికిత్సకు ఇవి అడ్డు కాకపోవచ్చు గాని, తరువాత రోజూ శుభ్రం చేసుకోవడానికి అడ్డవుతాయి. ఇటువంటివారికి తీసి కడగగలిగే సెట్టే మేలు.

నిలిచి ఉన్న పళ్ళను తీసివేసి ఇంప్లాంట్లు పెట్టించుకోవడం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చికిత్సతో నిలుపుకోగల సహజదంతాలను, పలువరుస అందంగా ఉంటుందనే ఒక్క కారణంతో తీసివేయడం సమంజసం కాదు. తీసిన పన్ను తిరిగి రాదు.

ఫలితాలు

1981లో వెలువడిన స్వీడన్ అధ్యయనం ఈ రంగంలో ప్రామాణికమైనది. పదిహేనేళ్ళలో 371 మంది రోగుల 410 దవడలలో 2,768 ఇంప్లాంట్లు నాటారు. వీరిలో ఐదు నుండి తొమ్మిదేళ్ళపాటు పరిశీలించిన బృందంలో పై దవడ ఇంప్లాంట్లలో 81 శాతం, క్రింది దవడ ఇంప్లాంట్లలో 91 శాతం నిలిచాయి. వంతెనలు మాత్రం పై దవడలో 89 శాతం, క్రింది దవడలో 100 శాతం స్థిరంగా ఉన్నాయి. ఒకటి రెండు ఇంప్లాంట్లు విఫలమైనా మిగిలినవి వంతెనను మోయగలవని దీనివల్ల తెలుస్తుంది. ఇంప్లాంటు చుట్టూ ఎముక మొదటి సంవత్సరాంతానికి సగటున 1.5 మి.మీ., ఆ తరువాత ఏడాదికి 0.1 మి.మీ. మాత్రమే తగ్గింది. ఉపరితలాన్ని గరుకుగా చేసిన తరువాతి తరం ఇంప్లాంట్లతో ఫలితాలు ఇంకా మెరుగుపడ్డాయి.

అయితే ఈ అంకెలు క్రమం తప్పక పరీక్షలకు వచ్చిన రోగులవి, శిక్షణ గల బృందాలు సాధించినవి అని గుర్తుంచుకోవాలి. యోస్టా లార్సన్ ఇంప్లాంట్లు నలభై ఏళ్ళు నిలిచినందున అందరికీ అలాగే నిలుస్తాయని హామీ ఇవ్వలేము.

సమస్యలు

శస్త్రచికిత్స సమయంలో నాడికి దెబ్బ తగిలితే క్రింది పెదవి, గడ్డం మొద్దుబారవచ్చు. కొందరిలో ఇది శాశ్వతంగా ఉండిపోతుంది. సైనస్‌లోకి రంధ్రం పడడం, రక్తస్రావం కూడా జరగవచ్చు. తరువాతి కాలంలో స్క్రూలు వదులవడం, అక్రిలిక్ పళ్ళు అరగడం, విరగడం, పింగాణీ పెచ్చులూడడం సాధారణం. నాలుగు ఇంప్లాంట్లపై నిలిచిన వంతెనలో ఒక ఇంప్లాంటు విఫలమైతే మిగిలిన మూడింటిపై భారం పెరుగుతుంది. వంతెనకు, చిగురుకు నడుమ సందు ఎక్కువైతే మాటలో గాలి పోతుంది. తక్కువైతే శుభ్రపరచడం కష్టం.

అన్నిటికంటే ముఖ్యమైన సమస్య ఇంప్లాంటు చుట్టూ వచ్చే చిగుళ్ళ వ్యాధి. లోహం పుచ్చదు గాని, దాని చుట్టూ ఉన్న చిగురు, ఎముక సజీవమైనవి. పాచి పేరుకుంటే మొదట చిగురు ఎర్రబడి, తాకితే రక్తం వస్తుంది. దీనిని పెరి-ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటారు. శుభ్రం చేస్తే తగ్గిపోతుంది. నిర్లక్ష్యం చేస్తే ఎముక కరిగే పెరి-ఇంప్లాంటైటిస్‌గా మారుతుంది. పోయిన ఎముకను తిరిగి రప్పించడం కష్టం. చాలామందిలో ఇది నొప్పి లేకుండా సాగుతుంది కనుక, బాధ లేదు కదా అని పరీక్షకు వెళ్ళనివారే ఎక్కువగా నష్టపోతారు. చిగుళ్ళ వ్యాధి వల్ల పళ్ళు పోగొట్టుకున్నవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ.

సంరక్షణ

* రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్షుతో తోమాలి. వంతెన క్రింది భాగాన్ని సన్నని చిన్న బ్రష్షుతోను, లావుపాటి ఫ్లాస్ దారంతోను శుభ్రం చేయాలి. నీటిధార పరికరం సహాయకారి మాత్రమే.
* బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు వంటి గరుకు పదార్థాలతో తోమరాదు; అక్రిలిక్‌పై గీతలు పడి పాచి పట్టుకుంటుంది.
* మొదటి రెండు మూడు నెలలు మెత్తని అన్నం, పప్పు, ఇడ్లీ, ఉడికిన కూరలు తినాలి. తరువాత కూడా చెరకు గడలు కొరకడం, వక్కలు, ఎముకలు నమలడం మానాలి.
* దంతవైద్యుడు చెప్పిన గడువు ప్రకారం, సాధారణంగా ఆరు నెలలకు ఒకసారి, పరీక్ష చేయించుకోవాలి. అవసరమైతే వంతెనను విప్పి శుభ్రం చేస్తారు.

ఖర్చు, ముందుగా అడగవలసిన ప్రశ్నలు

మనదేశంలో ఒక దవడ స్థిర పలువరుసకు కొన్ని లక్షల రూపాయలు ఖర్చవుతుంది. ప్రమాదం వల్ల అవసరమైనప్పుడు తప్ప, చాలా ఆరోగ్య బీమా పాలసీలు దంతచికిత్సకు వర్తించవు. అందుచేత సంతకం చేయకముందే ఈ క్రింది విషయాలు అడిగి, వ్రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

* చెప్పిన మొత్తంలో శాశ్వత వంతెన ఖర్చు కలిసి ఉన్నదా, లేక తాత్కాలిక వంతెనకు మాత్రమేనా?
* ఇంప్లాంటు ఏ సంస్థది, దాని కొలత, లాట్ సంఖ్య ఏమిటి? పదేళ్ళ తరువాత వేరొక ఊరిలో స్క్రూ మార్చవలసివస్తే ఈ వివరాలే ఆధారం.
* శస్త్రచికిత్స ఎవరు చేస్తారు, వంతెన ఎవరు చేస్తారు? ఎం.డి.ఎస్. పట్టభద్రులలో ఈ పనికి సంబంధించినవారు ప్రోస్థోడాంటిస్టులు, పెరియోడాంటిస్టులు, నోటి శస్త్రచికిత్స నిపుణులు.
* ఒక ఇంప్లాంటు విఫలమైతే ఏమి చేస్తారు, ఖర్చు ఎవరిది?
* నాకు ఓవర్‌డెంచర్ గాని, మంచి కట్టుడు పళ్ళ సెట్టు గాని సరిపోదా?

చివరి ప్రశ్న అడగడానికి సంకోచించనవసరం లేదు. చక్కగా చేసిన కట్టుడు పళ్ళతో తృప్తిగా ఉన్నవారు ఎందరో ఉన్నారు. స్థిర పలువరుస కొనుక్కొని మరిచిపోదగిన వస్తువు కాదు. సహజమైన పళ్ళకు ఎంత శ్రద్ధ అవసరమో దీనికీ అంతే శ్రద్ధ జీవితాంతం అవసరం. ఆ శ్రద్ధ చూపగలిగినవారికి మాత్రం ఇది తినే శక్తిని, స్పష్టమైన మాటను చాలావరకు తిరిగి ఇవ్వగలదు.

ఇవి కూడా చూడండి

* దంతము
* దవడ
* చిగుళ్ళ వ్యాధి
* కట్టుడు పళ్ళు
* టైటానియం
* దంత్యములు